ఐదో భాగం బాగుందన్నాను

మా ఇంట్లో బూతు మాట దొర్లినా చెల్లేది గానీ "ఎవరి అభిప్రాయం వాళ్ళది" అనే మాట మాత్రం చెల్లేది కాదు. ఆ మాట అన్నవాళ్ళు ఎంత దగ్గరి చుట్టాలైనా సరే, మా ఆయన మొహం తిప్పేసుకునేవారు. "ప్రేమ లేనివాడు అనే మాట అది ఇందూ. ఇష్టమున్నవాడు పోట్లాడతాడు" అని నాకు పాఠం చెప్పేవారు.

ఇంతకీ ఆ పోట్లాట దేని గురించయ్యా అంటే, దేశం గురించి కాదు, ఆస్తుల గురించీ కాదు. సినిమా గురించి. "నల్ల గొడుగు" అని, ఒకటి కాదు, తొమ్మిది భాగాలు. వానాకాలం రాగానే నల్ల గొడుగు వేసుకుని ఒకడు దిగుతాడు. మొహం కనబడదు, నోరు విప్పడు. గొడుగు టప్పుమని ముడిచాడంటే ఎదురుగా ఉన్నవాడి పని అయిపోయినట్టే. ఆ గొడుగు మొన అంత పదును. ఒక భాగంలో వాణ్ణి తగలబెడతారు, ఇంకో భాగంలో నూతిలో వేసి పూడుస్తారు. అయినా మళ్ళీ తొలకరికి తయారు. ఇవన్నీ నాకు విని తెలిసినవే. చేప తల కోస్తుంటేనే అటు తిరిగి నిలబడే మనిషిని, నేనెక్కడ చూస్తాను!

మా ఆయన భానోజీరావు గారికి విశాఖపట్నంలో కళ్ళద్దాల షాపుంది. నెమ్మదస్తుడు. అద్దాలు నచ్చలేదని బల్ల మీద విసిరికొట్టినవాడితో కూడా నవ్వుతూ మాట్లాడతారు. కానీ షాపులో ఎవడైనా "ఐదో భాగం బాగుందండీ" అన్నాడా, అయిపోయాడే. ఐదో భాగంలో ఆ గొడుగువాడికి చిన్నప్పటి కథ పెట్టారట, ఏడ్చే తల్లిని పెట్టారట, పైగా ఒక జోలపాట కూడానట. "వాడెందుకు చంపుతున్నాడో తెలిసిపోతే ఇంక భయమేముందండీ? ముందు మీరు కళ్ళు చూపించుకోండి, ఫ్రేము సంగతి తర్వాత చూద్దాం" అనేవారు. కొత్త భాగం విడుదలైన రోజున ఈయనలాంటి పిచ్చివాళ్ళంతా మండుటెండలో తడి గొడుగులు పట్టుకుని మాట్నీకి పోయేవారు. ఇంటర్వెల్లో అందరూ ఒక్కసారి టప్పుమని ముడవాలట. అది వాళ్ళ ఆచారం.

ఇక ఇంట్లో రెండో పిచ్చి మా అమ్మాయి మృదుల. దానికి పదేళ్ళప్పుడు నేను మా చెల్లెలి పురిటికి వెళ్తే, పిల్లని ఒంటరిగా వదల్లేక, సినిమా మానుకోలేక, ఈ మహానుభావుడు దాన్ని కూడా మొదటి భాగానికి తీసుకుపోయారు. గేటు దగ్గర ఎవర్ని ఏం బతిమాలారో నాకు తెలీదు. గొడుగు టప్పుమనేసరికి అది సీట్లోంచి ఎగిరి ఆయన ఒళ్ళో పడిందట. ఆ రోజు నుంచి దాని పేరు మిడత. నేను తిరిగొచ్చి తిట్టాల్సినన్ని తిట్లు తిట్టాను. ఇద్దరూ తలలు వంచుకుని విన్నారు. నేనటు తిరగ్గానే, ఆ సినిమాలో హాస్టల్ తలుపు లోపలి గడియ ఎవరు తీశారని గుసగుసలు మొదలెట్టారు.

అదిగో, ఆ గుసగుసలు ఇరవై ఏళ్ళు సాగాయి. ఆయనకి మూడో భాగం గొప్ప. ఖాళీ వరండాలో గొడుగు తెరిచి పెట్టి ఉంటుందట, వాన పడుతూనే ఉంటుందట, ఎవరూ రారట. "ఏమీ జరగదు చూడు, అదే భయమంటే" అంటారు ఆయన. "ఆ సీనుకి భయపడింది నువ్వొక్కడివే నాన్నా, హాల్లో మిగతావాళ్ళు నిద్రపోయారు" అంటుంది అది. దానికి మొదటి భాగం తర్వాత ఏదైనా దిగదుడుపే. అన్నాల దగ్గర మొదలెడితే కంచాల్లో చేతులు ఎండిపోయేవి. ఆ గోల వినలేక నేను వంటింట్లోకి వెళ్ళి మిక్సీ వేసేదాన్ని.

మరో మాట ఉండేది కాదు వాళ్ళిద్దరి మధ్య. దాని చదువు, జ్వరాలు, ఉద్యోగం అన్నీ నా వాటా. ఆయన ఫోను తీసి "ఏమే మిడతా, నాలుగో భాగం మళ్ళీ చూశానే" అనేవారు, అంతే, అదే కుశల ప్రశ్న. దానికి కుదిరిన సంబంధం నిశ్చితార్థం అయ్యాక తప్పిపోయినప్పుడు నేను ఏడ్చాను, చుట్టాలు ఓదార్చారు, అది గది తలుపేసుకుంది. ఆయన ఆ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని చాలాసేపటికి అన్నారు: "ఏమే, ఆరో భాగం మరీ అంత చెత్తగా ఏం లేదే. నువ్వన్నదే నిజమనిపిస్తోంది." జన్మలో ఒక్క పాయింటు ఒప్పుకోని మనిషి! లోపల్నుంచి నవ్వు వినిపించింది. తర్వాత ఏడుపు వినిపించింది. తర్వాత తలుపు తెరుచుకుంది. నేను మూడు రోజులు బతిమాలితే తెరుచుకోని తలుపు.

మృదుల మెదడు గురించి చదువుకుని, ఊరి చివర కొండ మీదున్న ఒక ప్రైవేటు ల్యాబులో చేరి, అక్కడికి దగ్గర్లోనే ఉంటోంది. ఘోరమైన ప్రమాదాల్లోంచి బయటపడ్డవాళ్ళు పీడకలలతో బతకలేకపోతుంటే, ఆ ఒక్క జ్ఞాపకాన్నీ పోగొట్టే యంత్రం అక్కడ తయారుచేశారు. అదెలాగే అని ఒకసారి అడిగాను. నేను బట్టలు ఆరేస్తున్నాను అప్పుడు.

"జ్ఞాపకం బీరువాలో మడతపెట్టిన చీర లాంటిది కాదమ్మా. తలుచుకున్న ప్రతిసారీ తడుస్తుంది, మళ్ళీ ఆరి గట్టిపడుతుంది. మేం ఆరనివ్వం. తడిగా ఉండగానే మందు, కరెంటు ఇస్తాం. రంగు దిగిపోతుంది."

"ఆ రంగు మళ్ళీ ఎక్కించగలరా?"

"ఎక్కించడం దేనికమ్మా, పోగొట్టుకోవడానికే కదా వస్తారు" అంది, నా చేతిలోంచి క్లిప్పులు అందుకుంటూ.

ఆయనకి షష్టిపూర్తి చేశాం. అరవయ్యేళ్ళ మనిషి పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ నా మెళ్ళో మళ్ళీ తాళి కట్టారు. తలంబ్రాలు పోసేటప్పుడు గెలవాలని నా నెత్తిన గుమ్మరించేశారు. భోజనాలయ్యాక అలిసిపోయి చాప మీద వాలి కూతురితో అన్నారు: "పదో భాగం వస్తోందట కదే. నాకేమో ఇప్పుడు భయమెయ్యట్లేదు. గొడుగు ఎక్కడ ముడుస్తాడో ముందే తెలిసిపోతోంది. మొదటి భాగం మళ్ళీ మొదటిసారి చూడగలిగితే ఉంటుంది చూడూ, ఇంకేమీ అక్కర్లేదు."

నేను వక్కలు సర్దుతూ విన్నాను, వింటూనే మర్చిపోయాను. మృదుల మర్చిపోలేదు. అందరూ తండ్రులకి పట్టుపంచెలు పెడుతుంటే, ఇది తన ల్యాబులో సినిమా మరుపు బహుమతిగా పెట్టింది. తొమ్మిది భాగాలూ తుడిచేస్తాం, నాన్న మళ్ళీ మొదటి నుంచి చూస్తాడు, పక్కన నేను కూర్చుని ఆయన భయపడుతుంటే చూస్తాను అంది. ఆయన చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చరిచారు. నేను వద్దన్నాను. ఎందుకొద్దో చెప్పమన్నారు. నాకేం తెలుసు చెప్పడానికి? ఊరికే భయమేసింది. "నీకు అన్నిటికీ భయమే" అని ఇద్దరూ నవ్వారు.

ల్యాబు పెద్ద డాక్టర్ సంఘమిత్ర గారు. నా వయసే ఉంటుంది. ఆవిడ నన్ను తన పక్కన, గాజు గోడకి ఇవతల కూర్చోబెట్టారు. అవతల గదిలో ఆయన వాలు కుర్చీలో ఉన్నారు, నెత్తిన టోపీ లాంటిదేదో, చేతికి మందు గొట్టం. మాకెదురుగా ఒక తెర, దాని మీద గీత. జ్ఞాపకం తడిసినప్పుడు ఆ గీత లేస్తుందని చెప్పారు.

పద్ధతి ప్రకారం ప్రశ్నలు పరాయి మనిషి అడగాలి. అడగాల్సింది తెర మీద బొమ్మ గురించి తప్ప ఇంకేమీ కాదు. ఆవిడే లోపలికెళ్ళి మొదలెట్టారు.

"మొదటి భాగం ఎక్కడ మొదలవుతుందండీ?"

"హాస్టల్లో."

"తర్వాత?"

"వాన."

గీత కదల్లేదు. ఆవిడ మాట కలపడానికని "అన్ని భాగాలూ ఇంచుమించు ఒకటేనటగా" అన్నారు. ఇంకేముంది, మా ఆయన నోరు కుట్టేసుకున్నారు. అలాంటి మనిషికి ఆయన "నల్ల గొడుగు" గురించి ఒక్క ముక్క చెప్పరు. ఆవిడ ఎంత అడిగినా "ఏమోనండీ" అన్నారు.

చివరికి ఆవిడ బయటికొచ్చి, మృదులని లోపలికి పంపక తప్పలేదు. "తెర మీద ఉన్నదే అడుగు. తెరకి ఇవతల సంగతి రానివ్వకు" అన్నారు.

"ఆ నియమం రాసిందే నేను మేడమ్" అని మా అమ్మాయి నవ్వుతూ వెళ్ళి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"ఏం నాన్నా, మూడో భాగం గొప్పదంటావు, ఏముందందులో?"

ఆయన కుర్చీలో లేచి కూర్చున్నంత పని చేశారు. గీత ఒక్కసారి పైకి లేచింది. ఇక చూస్కోండి. వరండా, వాన, గొడుగు. అది కాదంటుంది, ఆయన అవునంటారు. రెండో భాగంలో ఒక్కసారి వాడి మొహం చూపించడం తప్పా ఒప్పా. నూతిలో పడింది వాడేనా, ఇంకొకడా. ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా మందు గొట్టం ఊగేది.

"మొదటి భాగంలో గడియ తీసింది వార్డెనే నాన్నా, ఒప్పుకో."

"వార్డెను కాదే! నువ్వు చూడలేదు. నువ్వప్పుడు నా చొక్కాలో మొహం పెట్టేశావు కదా. నీ చేతిలో మామిడి తాండ్ర, నా చొక్కా నిండా అంటించావు. నువ్వు చూడంది నేను చూశాను, వాచ్‌మన్ తీశాడు."

"నేను ఒక కంటితో చూస్తూనే ఉన్నా."

"ఎక్కడ చూశావే! గజగజా వణుకుతుంటే నీ వీపు నిమురుతూ కూర్చున్నా. నా సినిమా సగం అక్కడే పోయింది."

నా పక్కన డాక్టరుగారు మైకులో "మృదులా, తెర ఇవతలికి వచ్చేస్తున్నారు" అన్నారు.

అది తల తిప్పకుండానే చెయ్యి ఎత్తింది. "ఒక్క నిమిషం మేడమ్. వాచ్‌మన్ అంటున్నాడు చూడండి, ఇది ఎలా వదిలెయ్యమంటారు?"

తప్పు అభిప్రాయాన్ని దిద్దకుండా వదిలెయ్యడం ఆ ఇద్దరికీ చేతకాదు. వాళ్ళ తొమ్మిది సినిమాల్లో ఒక్కటీ తెర మీదే ఉండిపోయింది లేదు. ఏ సీను కదిపినా పక్క సీట్లో ఒకరికొకరు ఉన్నారు. మా అమ్మాయి అంత చదువుకుని, ఈ ఒక్క సంగతి చూసుకోలేదు. డాక్టరుగారు మీట మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశారు. ఎందుకని అడిగితే, మధ్యలో ఆపితే సగం తడిసిన జ్ఞాపకం పిచ్చి పట్టిస్తుంది, పూర్తయ్యేదాకా ఆపకూడదు అన్నారు. నాకప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నేను మురిసిపోతున్నాను. వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఉండగా అంతవరకూ నేను కూర్చుని చూసిందే లేదు, ఎప్పుడూ మిక్సీ దగ్గరే ఉండేదాన్ని.

ఆరో భాగం దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది.

"ఆరో భాగం చెత్తేనే. ఆ రోజు నీ గది బయట కూర్చుని బాగుందన్నాను చూడూ, అబద్ధం. నువ్వు తలుపు తియ్యాలని అన్నాను."

"నాకు తెలుసు నాన్నా. అందుకే తీశాను" అంది మృదుల.

ఆయన నవ్వారు. గీత అన్నిటికన్నా ఎత్తుకి లేచి, మెల్లగా దిగిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన శుభ్రంగా ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు, షాపు తాళాలు ఎక్కడున్నాయో గుర్తుంది, షష్టిపూర్తి తలంబ్రాల్లో తనే గెలిచిన సంగతి కూడా గుర్తుంది. మృదుల కర్టెన్లు వేసి మొదటి భాగం పెట్టింది. తనే మామిడి తాండ్ర తెచ్చుకుంది. సినిమా చూడకుండా ఆయన మొహం చూస్తూ కూర్చుంది. గొడుగు టప్పుమంది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. చివరిదాకా మర్యాదగా చూసి, "పర్వాలేదు. వాన బాగా తీశారు" అని లేచారు.

"గడియ ఎవరు తీశారంటావు నాన్నా?" అంది మృదుల. దాని గొంతు నాకు కొత్తగా వినబడింది.

"ఎవరో తీసుంటారులే అమ్మా. ఏం, నీకు ఇవాళ ఆఫీసు లేదా?"

అమ్మా అన్నారు. మిడత అనలేదు.

రెండో భాగం పెడతానంది. రేపు చూద్దాంలే అన్నారు. ఆ రేపు రాలేదు. ఆయనకి కూతురని తెలుసు. పురుడు గుర్తుంది, అక్షరాభ్యాసం గుర్తుంది. పదేళ్ళు దాటాక మాత్రం ఏదో చదివింది, ఉద్యోగం చేస్తోంది అన్నట్టే ఉంది, దూరపు చుట్టాల పిల్ల గురించి మనకి తెలిసినంత. ఒక ఆదివారం అది వస్తే, నా ఎదురుగానే "ఆ అబ్బాయితో నిశ్చితార్థం అయింది కదా, పెళ్ళెప్పుడనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. అది ఏదో పని ఉన్నట్టు బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నేను ఆయన్ని పట్టుకుని తిట్టేశాను. పాపం ఆయన బిక్కమొహం వేశారు. ఏం తప్పన్నానో చెప్పమని అడిగారు. చెప్పాను. "అయ్యో, అలాగా" అన్నారు. నిజంగానే నొచ్చుకున్నారు, ఎవరింట్లో కష్టమైనా ఆయన అలాగే నొచ్చుకుంటారు.

వానలు పడ్డాయి. ఒక సాయంత్రం ఆయన కూరలు కొనుక్కుని తన పాత నల్ల గొడుగు వేసుకుని వచ్చారు. గుమ్మంలో టప్పుమని ముడిచారు. సోఫాలో కూర్చున్న మృదుల ఎగిరిపడింది. ఇద్దరం ఆయన నోటికేసి చూశాం. వస్తుంది, ఇప్పుడు ఆ మాట వస్తుంది అనుకున్నాను.

"అయ్యో, భయపడ్డావామ్మా? చూసుకోలేదు, సారీ" అన్నారాయన. గొడుగు మూల నిలబెట్టి, కాళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళారు.

నేను డాక్టర్ సంఘమిత్ర గారి దగ్గరికెళ్ళి ఏడ్చాను. ఆవిడ ఏ సాకూ చెప్పలేదు. "దిగిన రంగు నీళ్ళల్లో కలిసిపోయిందండీ. ఎక్కడా దాచలేదు, దాచే వీలు లేదు. ఆయనకి జబ్బేమీ లేదు, నేను వైద్యం దేనికి చెయ్యను?" అన్నారు. మృదుల వారం వారం వచ్చి ఆయనకి అవన్నీ కథల్లా చెప్పింది. తాండ్ర, చొక్కా, కుర్చీ, తలుపు. షాపుకొచ్చినవాళ్ళ కష్టసుఖాలు వినేంత ఓపికగా విన్నారు. మధ్యలో ఒకసారి ఆవలింత వస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి అది చెప్పడం మానేసింది. రావడం కూడా తగ్గించింది.

పదో భాగం విడుదలైంది. పాత స్నేహితులు తడి గొడుగులతో ఇంటికొచ్చి పిలిచారు. "మీరు వెళ్ళిరండి, నాకు షాపుంది" అని నవ్వుతూ పంపేశారు.

ఇలా కాదని నేను ఒక పని చేశాను. ఆయన షాపుకి వెళ్ళాక, రోజుకొకటి చొప్పున, పట్టపగలు, లైట్లన్నీ వేసుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది భాగాలూ చూశాను. ఎంత ఏడ్చానో, ఎన్నిసార్లు లేచిపోయానో ఆ దేవుడికి తెలుసు. ఐదో భాగం నిజంగానే దరిద్రం. ఆ జోలపాటకి నాకే సిగ్గేసింది. మూడో భాగంలో ఆ ఖాళీ వరండా వచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఏమీ జరగదు. వాన పడుతూనే ఉంటుంది. ఎవరైనా వస్తే బాగుండని చూస్తూనే ఉన్నాను. మీరు చెప్పిందే నిజమండీ అని ఆయనతో అనాలనిపించింది. ఎవరితో అనను? ఆ మాటకి పొంగిపోయే మనిషి ఇంట్లో లేరు.

తర్వాత ఆదివారం మృదులని బలవంతాన భోజనానికి పిలిచాను. వంజరం చేప పులుసు పెట్టాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పరాయివాళ్ళలా ఎండావానల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను అన్నం వడ్డిస్తూ, మామూలుగా అన్నట్టే అన్నాను.

"ఎవరేమనుకున్నా నాకు మాత్రం ఐదో భాగమే బాగుంది."

మృదుల ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. అది నాకేసి చూసింది. ముందు ఆశ్చర్యం, తర్వాత ఏదో వెలుగు, ఆ వెనకాలే పాత కోపం. అది నటన కాదు, రక్తంలోంచి వచ్చింది.

"ఐదో భాగమా! అమ్మా, నీకేమైనా మతి పోయిందా? హంతకుడికి జోలపాట పెడితే బాగుందంటావా? నాన్నా, విన్నావా అమ్మ ఏమంటోందో? ఐదో భాగమంట!"

గొంతు పైకి లేచింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. తండ్రి వైపు వంగి, ఎంగిలి చెయ్యి అలాగే గాలిలో పెట్టి చూస్తోంది. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. తిట్టండి, నన్ను కళ్ళు చూపించుకోమనండి, అన్నం మీంచి లేచిపొండి, ఏదో ఒకటి అనండి అని లోపల మొక్కుకుంటున్నాను.

ఆయన చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టారు. కూతురి కోపం చూసి కాస్త కంగారుపడ్డారు. సర్దిచెప్పాలని నవ్వారు, షాపులో నవ్వే నవ్వు.

"పోనీలే అమ్మా. ఎవరి అభిప్రాయం వాళ్ళది. నువ్వు ముందు తిను, చల్లారిపోతోంది."

మృదుల చెయ్యి కిందికి దిగింది.

"అలాగేనండీ" అంది.

ఆయన సంతోషించి, దాని కంచంలో ఇంకో ముక్క వేశారు. అది తలొంచుకుని తినడం మొదలెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ జారు పెట్టి మిక్సీ వేశాను.